మామయ్యకివ్వని తాళం

మా ఇంట్లో నన్ను ‘మూడుసార్లు’ అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది మా ఆయన. స్టవ్ ఆపానా లేదా అని మూడుసార్లు చూస్తాను. గడియ పడిందా లేదా అని మూడుసార్లు లాగుతాను. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర మూడుసార్లు వేలు పెడతాను. పిల్లకి మూడేళ్లు. దాన్ని అందరూ పిడుగు అంటారు, అదీ పేరుకు తగ్గట్టే ఉంటుంది. అలాంటి పిల్ల తిరిగే ఇంట్లో, వంటగదికి పన్నెండు అడుగుల దూరంలో కరెంటు రంపం బల్ల పెట్టడానికి ఒప్పుకున్నది నేనే. షాపులో దాన్ని ఏరి తెచ్చింది, ఇప్పుడు దాని మీద చెక్క కోస్తున్నదీ నేనే అంటే మా అక్క ఇప్పటికీ నమ్మదు. “నువ్వా? కత్తిపీట ముందు కూచుంటే కళ్లు మూసుకునేదానివి!” అంటుంది.

మా మామయ్య నలభై ఏళ్లుగా వడ్రంగి పని చేస్తున్నారు. వెనక గది ఆయన పనిగది. రెండేళ్ల నుంచి ఆయనకు చూపు తగ్గింది. పెన్సిలు గీత ఆయనకు రెండుగా కనిపిస్తుంది, ఏది అసలుదో తెలియదు. ఆ మాట బయట ఎవరికీ చెప్పలేదు, చెప్పనివ్వలేదు. మా ఆయన పొద్దున్నే తలుపులు, అరలు బిగించడానికి ఊరి మీద పడతాడు. చెక్కలు గరుకు కాగితంతో రుద్దడం పెళ్లయినప్పటి నుంచి నా పని. తరవాత తరవాత గీతలు గీయడం కూడా నాకే వచ్చింది. నా గీత వెంట్రుకవాసి తేడా రాదని మామయ్యే ఒప్పుకున్నారు.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను, అమ్మ మంచాన పడితే తమ్ముణ్ణి చూసుకోవడానికి. అప్పటి నుంచి నా చేతికి వచ్చిన పనులన్నీ ఎవరో మొదలుపెట్టినవో, ఎవరో పూర్తి చేయబోయేవో. మొదటి నుంచి చివరి దాకా నాదే అనిపించే పని ఒక్కటి ఉండాలని ఎప్పుడూ కోరిక. అందుకే రంపం బల్ల కొనాలన్న మాట వచ్చినప్పుడు, “నేను కోస్తాను” అని నోరు జారాను.

ఇల్లంతా ఒకేసారి నావైపు తిరిగింది. మా ఆయన నవ్వాడు. అత్తయ్య మటుకు, “గీత గీసేది ఒకరు, కోసేది ఇంకొకరు ఎందుకు? కోయనివ్వండి,” అని చీపురు పట్టుకుని వెళ్లిపోయింది.

మామయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నారు. “నెల రోజులు చూస్తా అమ్మాయ్. ఆ నెలలో ఒక్క పలక పాడైనా, నా మాట ఒక్కసారి కాదన్నా, మళ్లీ గరుకు కాగితం పట్టుకోవాలి. సరేనా?”

ఆయన మాట పూర్తి కాకముందే తల ఊపేశాను.

షాపుకి మా ఆయనా నేనూ వెళ్లాం. అంతకుముందే అక్కడి నుంచి తెచ్చుకున్న మిషన్ల వివరాల కాగితాలు, బొమ్మలతో సహా, వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివి ఉన్నాను. షాపాయన ఒక తేలికపాటి దాన్ని ముందుకు లాగాడు.

“ఇది తీసుకెళ్లండి సార్. ఒక్క చేత్తో ఎత్తి బండి మీద పెట్టుకోవచ్చు. మోటారు చూడండి, గుర్రమే!”

మా ఆయన కళ్లు మెరిశాయి. నేను వంగి చూశాను. “బ్లేడు వెనక రేకు ఉండాలి కదండీ, ఏదీ?”

“ఏ రేకమ్మా?”

“కోసిన చీలిక మళ్లీ మూసుకుపోకుండా మధ్యలో నిలబడేది.”

“అది లేకపోయినా కోస్తుందమ్మా.”

“కోస్తుందండీ. నన్ను కూడా కోస్తుంది.”

చెక్కని కోస్తుంటే ఒక్కోసారి ఆ చీలిక పెదవుల్లా దగ్గరికొచ్చి బ్లేడుని పట్టేస్తుంది. అప్పుడు బ్లేడు ఊరుకోదు, చెక్కనే ఎత్తి మన గుండెల మీదికి విసురుతుంది. ఆ సన్నటి రేకు ఉంటే చీలిక మూసుకోదు. ఆ ముక్క చదివిన రోజు నాకు అన్నం సహించలేదు, కానీ మర్చిపోనూ లేదు.

ఇంకో మూడు రకాలు చూశాం. చెక్కని ఆనించి తోసే అడ్డపట్టీని ఒక్కోదానికీ బిగించి, దూరపు కొసని వేలితో నెట్టి చూశాను. రెండింటికి ఆ కొస అగ్గిపుల్లంత జరిగింది. ఇవతల నిలిచి అవతల జరిగే పట్టీని నమ్మి చెక్క తోయలేం. చివరిదానికి రెండు కొసలూ గట్టిగా పట్టాయి. వెనక రేకు ఉంది, బ్లేడు మీద పారదర్శకపు మూత ఉంది, తోపుడు కర్ర పక్కనే తగిలించి ఉంది. మడత కాళ్లు విప్పించి నిలబెట్టి, నా నడుంతో బల్లని ఒక నెట్టు నెట్టాను. కదల్లేదు. ఆపే బొత్తాం అరచెయ్యంత ఎర్ర రేకు. రెండు చేతులూ చెక్క మీద ఉన్నా మోకాలితో కొట్టి ఆపొచ్చు.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది తాళం. నడిపే బొత్తాం మధ్యలో పసుపు రంగు ప్లాస్టిక్ బిళ్ల, నాలుకలాగా ఉంటుంది. దాన్ని లాగేస్తే ఇక బొత్తాం ఎంత నొక్కినా మిషను తిరగదు. బిళ్ల లాగి, ప్లగ్గు పెట్టించి, నొక్కాను. మళ్లీ నొక్కాను. మళ్లీ.

“మూడుసార్లు ఎందుకమ్మా?” అన్నాడు షాపాయన.

“అది దాని పేరండీ,” అన్నాడు మా ఆయన.

బరువైనదే కొన్నాం. ఎత్తడానికి ఇద్దరు కావాలి. మా ఆయన దారి పొడుగునా సణిగాడు గాని, మర్నాడు తనే పనిగది గుమ్మానికి నడుమెత్తు సగం తలుపు బిగించాడు, పిడుగు లోపలికి రాకుండా. పసుపు బిళ్లకి తాడు కట్టి, కోత లేనప్పుడల్లా నేను మెళ్లోనే వేసుకున్నాను. స్నానానికి కూడా తీయలేదు.

అత్తయ్య నా కోసం మందపాటి గుడ్డతో చేతి తొడుగులు కుట్టింది. రెండు రోజులు కూచుని, వేలు వేలుకీ కొలిచి మరీ కుట్టింది. వాటిని చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే వేసుకోకూడదు. తిరిగే బ్లేడుకి తొడుగు దారం ఒక్క పోగు చిక్కినా చెయ్యి మొత్తం లాక్కుపోతుంది. ఎలా చెప్పాలో తెలియక మిషనుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ చూపించాను. అత్తయ్య బొమ్మ చూసింది, తొడుగులు చూసింది. “అయితే గిన్నెలు దించుకుంటాలే,” అంది. ఇప్పుడు పొయ్యి మీది గిన్నెలన్నీ వాటితోనే దించుతున్నాం.

రోజూ ఒకటే వరస. ఉంగరం తీసి గూట్లో పెట్టడం, జుట్టు బిగించి ముడెయ్యడం, కళ్లద్దాలు పెట్టుకోవడం. చెక్క మందం కన్నా బ్లేడు కాస్తే పైకి లేపడం. బ్లేడుకి సూటిగా కాకుండా ఓ పక్కకి నిలబడడం. చివరి జానెడు తోపుడు కర్రతోనే తోయడం. ఆపాక బ్లేడు పూర్తిగా నిలిచేదాకా చేతులు కట్టుకుని నిలబడడం. బ్లేడు మార్చాలంటే ముందు ప్లగ్గు పీకడం. మామయ్య మూల స్టూలు మీద కూచుని కళ్లు మూసుకుని వినేవారు. పలక తిన్నగా పోతోందో లేదో ఆయనకు చప్పుడుని బట్టే తెలిసిపోతుంది. బాగుందనీ అనరు, బాలేదనీ అనరు. ఎప్పుడైనా “ఊఁ” అంటారు. ఆ ఊఁలు లెక్కపెట్టుకుంటూ నేను రోజులు గడిపాను.

ఇరవై తొమ్మిదో రోజున వీధి చివరి దర్జీ వచ్చాడు. మామయ్యకి పాత స్నేహితుడు, నోరు మంచిది కాదు.

“అన్నా, కుట్టు మిషను బల్ల ఊగుతోంది. బడిపిల్లల బట్టలన్నీ ఆగిపోయాయి. ఈ ముక్కని ఒక పక్క సన్నగా, ఒక పక్క లావుగా కోసిస్తే కాలి కింద దోపుకుంటా.”

చూస్తే నాలుగంగుళాల టేకు ముక్క.

“అదెంత పని! అమ్మాయ్, ఒక్క నిమిషంలో కోసిచ్చెయ్,” అన్నారు మామయ్య.

ముక్క చేతిలోకి తీసుకున్నాను. ఇంత చిన్నది, అందులోనూ వాలుగా. అడ్డపట్టీకి ఆనదు. ఉత్త చేతులతో పట్టుకుని తోయాలి. కాస్త మెలి తిరిగిందా, ముక్క గాల్లోకి, వేళ్లు బ్లేడు మీదికి.

“మామయ్యా, దీన్ని దాని మీద కోయకూడదు.”

దర్జీ పకపకా నవ్వాడు. “ఏంటన్నా ఇది! ఇంటెడు మిషను తెచ్చి గోరంత ముక్క కోయలేరా? పోన్లే, ఇంట్లో కూరలు తరుక్కోండి దాంతో.”

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. స్టూలు మీంచి లేచారు. “తప్పుకో. నేను కోస్తా.”

నన్ను దాటుకుని వెళ్లి, బ్లేడు మీది మూత పైకెత్తారు. ముక్క బల్ల మీద పెట్టి బొత్తాం నొక్కారు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కారు.

“కరెంటు పోయినట్టుంది,” అన్నాడు దర్జీ. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

సగం తలుపు అవతలి నుంచి పిడుగు అరిచింది. “తాళం అమ్మ మెళ్లో ఉంది తాతా!”

మామయ్య చెయ్యి చాపారు. “ఇటివ్వు.”

నా చెయ్యి తాడు మీదికి పోయింది. ఒక్క రోజు. ఇంకొక్క రోజు గడిస్తే ఈ పని నాది. ఆయన మాట కాదంటే గరుకు కాగితం. అదీ బయటి మనిషి ముందు, ఆ నోటి మనిషి ముందు. కానీ ఆయన వేళ్లు చూశాను. పదీ ఉన్నాయి. నలభై ఏళ్ల పనిలో ఒక్కటీ పోకుండా కాపాడుకున్న పది వేళ్లు. ఇప్పుడు ఆయనకు బ్లేడు ఒకటి కనిపిస్తోందో, రెండు కనిపిస్తున్నాయో.

“ఇవ్వను మామయ్యా.”

“ఏమన్నావ్?”

“ఇవ్వనండీ.”

“తాళం ఇవ్వమంటున్నానా?”

“ఇవ్వను.”

మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ అదే చెప్పాను. దర్జీ నవ్వు ఎక్కడో మధ్యలోనే ఆగిపోయింది.

ఆ తరవాత ఏం చెయ్యాలో నాకే తెలియలేదు. గోడ మేకుకి మామయ్య చేతిరంపం వేలాడుతోంది. పట్టుకునే చోట నలభై ఏళ్లకి నల్లగా నున్నబడిన పిడి. దాన్ని దించాను. టేకు ముక్కని కదలకుండా పట్టి ఉంచే వైసులో బిగించి వాలుగా గీత గీశాను. పెన్సిలుతో కాదు, చాకు మొనతో, గోరు దిగేంత లోతుగా. అప్పుడు రంపం తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను.

“దీనికి మీ చెయ్యి చాలు,” అన్నాను.

మామయ్య నన్ను చూశారు. అంతసేపు ఎప్పుడూ చూడలేదు. తరవాత బొటనవేలి గోరుతో ఆ గీతని వెతికి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా తడిమారు. రంపం గోరుకి ఆనించి రెండుసార్లు వెనక్కి లాగారు. అంతే, ఇక ఆగలేదు. పదిహేను లాగుళ్లు లాగారో, పదహారో. పొట్టు సన్నగా కారింది. ముక్క విడిపోయి బల్ల మీద పడితే తీసి చూశాను. గీత మీంచి వెంట్రుకంత తొలగలేదు.

దర్జీ అటూ ఇటూ తిప్పి చూసుకుని, “చెయ్యి చెయ్యే అన్నా,” అని వెళ్లిపోయాడు.

మామయ్య చేతిరంపం మేకుకి తగిలించి బయటికి నడిచారు. భోజనం దగ్గర నా వైపు చూడలేదు. ఆయన చెప్పకముందే నేనే గరుకు కాగితం తీసి, మూల కూచుని, పాత అరల అంచులు రుద్దడం మొదలుపెట్టాను. అత్తయ్య వచ్చి నా పక్కన నిలబడి, నా నెత్తి మీది పొట్టు దులిపింది.

సాయంత్రం పిడుగుకి పాలు తేవడానికి వీధిలోకి వెళ్లాను. తిరిగి వస్తుంటే దర్జీ కొట్టు ముందు నలుగురు పెద్దవాళ్లు. మధ్యలో మామయ్య గొంతు, నాకు వీపే కనిపిస్తోంది.

“నాకయ్యా! నలభై ఏళ్లు చెక్క కోసినవాణ్ణి, నాకే ఇవ్వలేదు తాళం! మామగారు కదా అని లేదు, మొహమాటం లేదు. మూడుసార్లు అడిగా. మూడుసార్లూ ఇవ్వనంది!”

“నేను అక్కడే ఉన్నాగా అన్నా,” అన్నాడు దర్జీ.

“నువ్వున్నావు. వీళ్లు లేరుగా! చెప్పనీ. అట్టాంటి మనిషి చేతిలో ఉందయ్యా మా ఇంటి మిషను. మీ ఇళ్లల్లో ఉందా అట్టాంటి మనిషి? ఉంటే చెప్పండి.”

పాలగిన్నె గుండెకి హత్తుకుని, ఆయన కంట పడకుండా గోడవార నుంచి వచ్చేశాను. నవ్వు ఆగలేదు, కళ్లూ ఆగలేదు. సగం పాలు ఒలికాయి.

మామయ్య ఇంటికొచ్చేసరికి నేను మళ్లీ మూల కూచుని రుద్దుతున్నాను.

“ఆ కాగితం నీకెవరిచ్చారు?”

“మీ మాట కాదన్నాను కదా మామయ్యా. మీరే అన్నారు...”

“అన్నానులే. నేనన్నవన్నీ పట్టుకుంటావా?” గొంతు సవరించుకున్నారు. “ఇక నెలలూ రోజులూ లేవు. ఆ గది నీది. రేపు బడి వాళ్ల అరలకి పద్నాలుగు పలకలు కోయాలి.”

మర్నాడు పద్నాలుగూ కోశాను. మామయ్య స్టూలు మీద కళ్లు మూసుకుని విన్నారు. ఆఖరి పలక అయ్యాక మోకాలితో ఎర్ర రేకు కొట్టి ఆపాను. బ్లేడు నిలిచింది. బిళ్ల లాగి మెళ్లో వేసుకున్నాను. బొత్తాం నొక్కి చూశాను, తిరగలేదు. ఇంకోసారి నొక్కాను, తిరగలేదు. పలకలు ఎత్తబోతుంటే వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది.

“అమ్మాయ్, మూడోది మర్చిపోయావు.”