అనని మాట

ఎండిన మొక్కజొన్న రేకును నాలుగు వేళ్ళ వెడల్పున చించి, ఇనప పుల్లకు చుట్టి, కొసకు అన్నం బంక రాసి, పుల్ల లాగేసి బుట్టలో పడేసింది త్వేయీ. మళ్ళీ ఇంకో రేకు అందుకుంది. చుట్టకు నోట్లో పెట్టుకునే వైపు ఉండే పీక అది. పీకలు చుట్టడానికి పెద్ద పనితనం అక్కర్లేదు. కొత్తగా చేరిన ఆడపిల్లలకు మొదటి మూడు నెలలూ ఇచ్చే పని. త్వేయీకి అరవై ఒకటి. పకొక్కు పట్నంలోని ఆ చుట్టల కార్ఖానాలో అడుగుపెట్టి నలభై మూడేళ్ళయింది. పీకల బుట్ట ఆమె ముందుకు వచ్చి మాత్రం ఏడాది కావస్తోంది.

సన్నటి మనిషి. నెరిసిన జుట్టు నడినెత్తిన ముడివేసి దువ్వెన గుచ్చుకుంటుంది. బుగ్గలకు పూసుకునే చెట్టుబెరడు గంధం పొద్దెక్కేలోపే ముడతల వెంట పగుళ్ళు తీస్తుంది. కుడిచేతి బొటనవేలి గోరు పొగాకు మరకతో గోధుమరంగుకు తిరిగి, ఇక ఏ చింతపండుకూ వదలని స్థితికి వచ్చింది. ఆ వేలు వానాకాలం నుంచీ మొద్దుబారి ఉంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఏడాదికి ఆఖరి పనిదినం. రేపటి నుంచి నీళ్ళ పండగ. ఇంద్రుడు కిందికి దిగివచ్చి, మంచి చేసినవాళ్ళ పేర్లు బంగారు రేకుల పుస్తకంలోనూ, చెడు చేసినవాళ్ళవి కుక్కతోలు పుస్తకంలోనూ రాసుకుని వెళతాడు. అందుకే అంతకుముందే లెంపలేసుకోవడం మంచిది. కార్ఖానాలో ఆనవాయితీ ఏమిటంటే, ఆఖరిరోజు మధ్యాహ్నం అన్నాలకు ముందు, ఎవరికి ఎవరు పని నేర్పారో వాళ్ళ ముందు మోకరిల్లి, చేతితో, నోటితో, మనసుతో ఏడాదిలో చేసిన తప్పులన్నీ మన్నించమని మూడుసార్లు నేల తాకి దండం పెట్టాలి. పెద్దవాళ్ళు వాళ్ళు తెచ్చిన కానుకల పళ్ళెం ముట్టుకుని “మన్నించాను” అనాలి. ఆ ఒక్క మాటతో పాతది కొట్టుకుపోతుంది. అనకపోతే పోదు. అనకుండా ఉన్నవాళ్ళు మాత్రం కార్ఖానా పుట్టినప్పటి నుంచీ లేరు.

త్వేయీ అనదలుచుకోలేదు. ఏడాదిగా ఆమె బతికింది ఈ పూట కోసమే అంటే అబద్ధం కాదు.

“ఏంటక్కా, పొద్దున్నుంచీ నీలో నువ్వే నవ్వుకుంటున్నావు? మూడో మొగుడు గానీ దొరికాడా?” అంది పక్క చాపమీద ప్యూమా. నలభై దాటిన మనిషి, నోరు ఊరుకోదు.

“మొదటివాడితోనే సరిపోయింది, రెండోవాణ్ణి ఎప్పుడు చూశావే?”

“సరే, దొరికితే చెప్పు. ఇదిగో, బెల్లం ఉండలు తెచ్చాను. ఒకదాంట్లో బెల్లం బదులు పచ్చిమిరపకాయ పెట్టాను. అది మన మేస్త్రీకి పంపుదామా? చచ్చినట్టు నవ్వుతూ మింగాలి, పండగ కదా!”

“మిరపకాయ మంట గడియసేపే ప్యూమా. నీళ్ళు తాగితే పోతుంది” అంది త్వేయీ.

మేస్త్రీ పేరు సేన్‌యిన్. పదిహేడేళ్ళ క్రితం పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు, ఆకు ఈనె ఏ వైపు పెట్టాలో, పొగాకు ఎంత అదమాలో, వేళ్ళు పట్టుకుని నేర్పింది త్వేయీయే. నిరుడు నీళ్ళ పండగ వెళ్ళగానే సేన్‌యిన్‌కు సరుకు చూసే మేస్త్రీ పదవి వచ్చింది. వచ్చిన మూడోరోజున త్వేయీ కట్టలోంచి ఒక చుట్ట తీసి, నొక్కి చూసి, అరవైమంది ఆడవాళ్ళు చూస్తుండగా రెండుగా విరిచింది. పొగాకు జలజల రాలింది. “గురువమ్మా, ఇక మీ చేతులు పీకలకు చాల్లెండి” అంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో త్వేయీకి ఇప్పటికీ తెలియదు. అందుకని సేన్‌యిన్ ఖాతాలోనే వేసింది.

పీక తరవాత పీక చుడుతూ త్వేయీ ఏడాదినంతా మరోసారి తిప్పుకుంది. కిటికీ పక్కన ఇరవై ఏళ్ళు కూర్చున్న చోటు పోయింది. వానాకాలంలో వెనక వరసలో కప్పు కారి, చాప తడిసి, నడుం పట్టేసింది. అదే నెలలో తొమ్మిది రోజులు జ్వరంతో పడుకుంటే సేన్‌యిన్ గంజినీళ్ళయినా పంపలేదు. దీపాల పండగకు శిష్యులంతా వచ్చి దండం పెట్టి పోతే, ఆవిడగారు మాత్రం పుట్టింటికి వెళ్ళింది. చలికాలంలో ప్యూమా కూతురి పెళ్ళిలో మేస్త్రీని ముందు వరసలో కూర్చోబెట్టారు, త్వేయీకి పళ్ళేలు కడిగే వైపు చోటు దొరికింది. పాము పగ పన్నెండేళ్ళంటారు. త్వేయీ అంత కాలం అడగలేదు, ఒక్క ఏడాది చాలనుకుంది. ఇంద్రుడి కుక్కతోలు పుస్తకం సంగతి ఎవరికి తెలుసు గానీ, త్వేయీ దగ్గర ఉన్న పుస్తకంలో ఒక్క అక్షరం చెరగలేదు.

ఆ పుస్తకంలో రాయనిది ఒకటుంది. విరిచిన చుట్ట నిజంగానే వదులుగా ఉంది. చుట్టినప్పుడే ఆమెకు తెలుసు. తెలిసే కట్టలో పెట్టింది. సేన్‌యిన్ వచ్చి ఆ మాట చెవిలో చెప్పి ఉంటే త్వేయీ తనంతట తనే పీకల బుట్ట దగ్గరకు జరిగేది. చెవి అంత దగ్గరగా ఉండగా, అరవైమందికి వినిపించేలా చెప్పింది. మంట అక్కడ.

పదకొండున్నరకు గంట కొట్టారు. చాపలు సర్దుకున్నారు. పడుచుపిల్లలు తలల్లో పసుప్పచ్చని పడౌక్ పూలు తురుముకుని వచ్చి, ఎవరి పెద్దల ముందు వాళ్ళు మోకరిల్లుతున్నారు. నవ్వులు, దీవెనలు. త్వేయీ ముందు ఇద్దరు పిల్లలు దండం పెట్టారు. వాళ్ళిద్దరికీ మన్నింపు ధారాళంగా ఇచ్చింది, మంచి మొగుళ్ళు దొరకాలని కూడా అంది.

తరవాత సేన్‌యిన్ వచ్చింది. ఒంటిమీద ఆడవాళ్ళు కట్టే కొత్త లుంగీ, చేతిలో పళ్ళెం. అరటిహస్తాల మధ్య తొడిమతో కొబ్బరికాయ, మడతపెట్టిన లుంగీ, దాని పక్కన నొప్పుల నూనె సీసా, మూతకు ఎర్రదారం కట్టి. ఆ సీసా చూడగానే త్వేయీ ఒళ్ళు భగ్గుమంది. వేలు మొద్దుబారిన సంగతి దీనికెలా తెలిసింది? తెలిస్తే తెలిసింది, సీసా పెట్టి ఊరందరికీ చాటుతుందా?

సేన్‌యిన్ మోకాళ్ళమీద కూర్చుని, నుదురు నేలకు ఆనించి, “చేతితో గానీ, నోటితో గానీ, మనసుతో గానీ చేసిన తప్పులు మన్నించండి గురువమ్మా” అంది. ఒకటి. రెండు. మూడు. లేచి, తలవంచుకుని కూర్చుంది.

త్వేయీ రేకు అందుకుని, పుల్లకు చుట్టి, బంక రాసింది.

చుట్టుపక్కల నవ్వులు ఒక్కటొక్కటే ఆగిపోయాయి. వెనక వరసలో ఎవరూ కిసుక్కుమనలేదు. సేన్‌యిన్ మెడ మీద చెమట పట్టడం త్వేయీ తీరిగ్గా చూసింది. బుట్టలో నాలుగు పీకలు పడేదాకా ఆ పిల్ల అలాగే కూర్చుని, చివరికి పళ్ళెం అక్కడే వదిలి లేచిపోయింది.

“అక్కా, ఏంటిది? ఏడాది చివర!” అంది ప్యూమా గొంతు తగ్గించి.

“అన్నం పెట్టు, ఆకలేస్తోంది” అంది త్వేయీ. నిజంగానే వేసింది. ఏడాదిలో మొదటిసారి కడుపు నిండా తిన్నది, చేపపులుసు రెండోసారి పోయించుకుని మరీ. సంతోషం ఇలా ఉంటుందని ఆమె మరిచిపోయింది. ఎడమచెయ్యి కొంచెం బరువుగా అనిపించింది, ఎక్కువ తిన్నందుకేమో అనుకుంది.

మూడు గంటలకు, అందరూ పెరట్లో నీళ్ళ కుండలు నింపుకుంటుంటే, సేన్‌యిన్ మళ్ళీ వచ్చింది. ఈసారి చూసేవాళ్ళు లేరు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“గురువమ్మా, ఒక్క మాట అనండి. ఆ రోజు యజమాని తలుపు వెనకే నిలబడి ఉన్నాడు. నేను గట్టిగా అనకపోతే మిమ్మల్ని మొత్తానికే మానిపించేవాడు. తరవాత చెబుదామంటే మీ మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు.”

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల?”

“తప్పే. అందుకేగా వచ్చాను. దీన్ని మోసుకుని కొత్త ఏడాదిలోకి ఎలా పోను? తిట్టండి, కొట్టండి. ఆ మాట మాత్రం అనండి.”

త్వేయీ తల ఎత్తి ఆమెను నిదానంగా చూసింది. మాట నాలుక చివరన ఉంది. యజమాని సంగతి నిజమే అయి ఉంటుంది, అతను అలాంటివాడే. అయినా ఏడాదిపాటు దాచుకున్న దాన్ని ఒక్క పూటలో ఖర్చుపెట్టడానికి ఆమెకు మనసు రాలేదు. ఇంకో ఏడాది దీన్ని ఇలా కళ్ళెదుట తిప్పుకోవచ్చు.

“ఈ ఏడు కాదు” అంది. “వచ్చే ఏడు రా. చూద్దాం.”

సేన్‌యిన్ వెళ్ళిపోయింది. త్వేయీ గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఇంకో రేకు తీసుకుంది.

నాలుగింటికి పెరట్లోంచి కేకలు, కేరింతలు మొదలయ్యాయి. ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు కుండలకు కుండలు గుమ్మరించుకుని, తడిసి ముద్దై లోపలికి వచ్చారు. పెద్దవాళ్ళ మీద మాత్రం అలా పోయకూడదు. అడిగి, గిన్నెతో భుజం మీదుగా మెల్లిగా జార్చాలి.

“పోస్తున్నానక్కా, కోపాలన్నీ చల్లారిపోవాలి!” అని ప్యూమా గిన్నెడు నీళ్ళు త్వేయీ మెడ వెనక నుంచి పోసింది.

కుండలో నీళ్ళు చన్నీళ్ళు. ఎంతటివాళ్ళయినా ఉలిక్కిపడతారు. త్వేయీ కదలలేదు. నీళ్ళు వీపు మీదుగా జారి, ఒడిలో సగం చుట్టిన రేకును తడిపి, చాపలోకి ఇంకిపోయాయి. ప్యూమా గిన్నె కింద పెట్టి, ముందుకు వచ్చి మొహం చూసింది.

చాలాసేపటికి అందరూ కూడిన తరవాత, సేన్‌యిన్ జనాన్ని తోసుకుని వచ్చి ఆ పాదాల దగ్గర మోకరిల్లింది. మూడుసార్లు నేల తాకింది. లేచి కూర్చుని, త్వేయీ నోటి వంక చూస్తూ ఉండిపోయింది.

“అన్నట్టే అనుకోవే. మనసులో అనుకునే ఉంటుంది” అంది ప్యూమా ఏడుస్తూ.

“అనలేదు” అంది సేన్‌యిన్. “వచ్చే ఏడు రమ్మంది.”

త్వేయీని బండిలో ఇంటికి తీసుకుపోయారు. చాప చుట్టారు. పీకల బుట్ట అటక ఎక్కించారు. పళ్ళెం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఇచ్చినది ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోకూడదు, పుచ్చుకోవలసిన మనిషి పుచ్చుకోలేదు. దాన్ని ఏం చెయ్యాలో చెప్పే ఆనవాయితీ కార్ఖానాలో లేదు. అందుకని అక్కడే ఉంచి తాళం వేశారు.

పండగ వెళ్ళి, కొత్త ఏడు వచ్చి, తలుపులు తీసేసరికి అరటిపళ్ళు నల్లబడి లుంగీ మడతల్లోకి కారి ఉన్నాయి. వాటి పక్కన నూనె సీసా, మూతకు కట్టిన ఎర్రదారం విప్పకుండా, నిండుగా నిలబడి ఉంది.