సార్ పోయేదాకా

వాణి టీచర్ ఫోన్‌లో చెప్పింది ఒకటి, మెహరున్నీసాకు వినబడింది ఇంకొకటి.

"అక్కా, గురువారం బెంగళూరు ట్రస్టు నుంచి సార్ వస్తాండాడు. పిల్లోళ్ళను చూస్తాడంట. ఆయనకు సరి అనిపిస్తే మన సెంటరుకు గ్రాంటు వస్తాది. భానును తప్పకుండా పిల్చుకోని రా" అని వాణి చెప్పింది. మెహరున్నీసా చెవిలో నిలిచింది మాత్రం 'సార్ పిల్లోళ్ళను చూస్తాడంట' అన్న ముక్క ఒక్కటే. 

పిల్లల్ని చూడడానికి వచ్చే సార్లు ఆమెకు కొత్త కాదు. భానుకు ఎనిమిదేళ్ళు. ఆ పిల్ల పుట్టినప్పుడు డాక్టర్లు చెప్పిన పేరు నోరు తిరగనంత పొడవు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మెహరున్నీసా దాన్ని 'నిదానం' అని ఒక్క మాటలోకి కుదించుకుంది. నిదానానికి సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్టుకు క్యాంపుకు పోవాలి. క్యాంపులో వైకల్యం ఎంతో శాతం వేస్తారు. శాతం తగ్గితే పింఛను పోతుంది. సెంటరుకు తన మనవరాలిని తెచ్చే ధర్మవరం ఆదిలక్ష్మమ్మ చెప్పిన కథ ఒకటి తల్లుల మధ్య తిరుగుతూ ఉండేది: ఆమె తోడికోడలి మనవరాలు ఎక్కడో ఒక క్యాంపులో డాక్టరుకు చక్కగా నమస్తే పెట్టిందంట, అంత మాత్రానికే శాతం పడిపోయిందంట. అది నిజమో కాదో ఎవరికీ తెలియదు. చెప్పిన ఆదిలక్ష్మమ్మకే తెలియదు. అయినా ఆ కథ విన్నప్పటి నుంచి ఏ సార్ కనబడినా మెహరున్నీసా కూతురి రెండు చేతులూ గట్టిగా పట్టుకునేది, ఎక్కడ నమస్తే జారిపడుతుందోనని.

"ఇది పింఛను కాదే, గ్రాంటు. మనకు కాదు, సెంటరుకు" అన్నాడు ఆమె భర్త యూనస్. హిందూపురంలో అతనిది బండి సీటుకవర్ల అంగడి.

"దుడ్లు ఇచ్చేటోళ్ళంతా ఒకటే. కష్టం ఎక్కువుంటే ఎక్కువ ఇస్తారు, తక్కువుంటే తక్కువ ఇస్తారు. పిల్లోళ్ళు బాగుండారంటే, బాగుండారు కదా ఇంక మేమెందుకు అని పోతారు."

"నీకు ఎవురు చెప్పినారు?"

"ఒకరు చెప్పాల్నా? నాకు తెలీదా?"

యూనస్ అంగడి తాళాలు అందుకున్నాడు. భార్యకు తెలిసిన విషయాలతో వాదించి ఎవరూ గెలవరని పదేళ్ళ కాపురంలో అతను నేర్చుకున్నాడు.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. పెనుకొండలో బస్టాండు వెనక ఒక అద్దె హాలులో వాణి నడిపే సెంటరుకు భాను లాంటి పిల్లలు పదకొండు మంది వస్తారు, హిందూపురం వైపు నుంచి కొందరు, ధర్మవరం వైపు నుంచి కొందరు. రెండేళ్ళుగా సాయం చేస్తున్న దాత ఈ నెలతో ఆపేశాడు. గ్రాంటు రాకపోతే వచ్చే నెల హాలుకు తాళమే. ఆ హాలుకు పోకముందు భాను ఒక్క నిమిషం కూడా కుదురుగా కూర్చునేది కాదు. తాళం పడితే పిల్ల మళ్ళీ మొదటికి వస్తుందని, తరువాత ఇంట్లోంచి పారిపోతుందని, తరువాత రైలు పట్టాల మీదికి పోతుందని మెహరున్నీసా ఊహ ఆగకుండా పరిగెత్తింది. అందుకే ఈసారి ఏ తప్పూ జరగకూడదనుకుంది.

బుధవారమంతా ఆమె ఫోన్‌లోనే గడిపింది. తల్లులందరికీ ఒకటే మాట. "సార్ ముందర పిల్లోళ్ళు ఏమీ చేయకూడదు. ఊరికే కూచోవాల. అప్పుడే జాలి పుడతాది."

"మా రాణి ఊరికే కూచునే రకమా?" అంది ఆదిలక్ష్మమ్మ. రాణి ఆమె మనవరాలు.

"దిల్‌పసంద్ ఇస్తామని చెప్పు పెద్దమ్మా. సార్ పోయినంక ఇస్తామని చెప్పు. నేను తెస్తా, అందరికీ తెస్తా."

దిల్‌పసంద్ పేరు చెబితే వినని పిల్ల ఆ సెంటర్లో లేదు. లోపల తీపి కొబ్బరి, పైన కరకరలాడే పొర. మెహరున్నీసా బేకరీలో పన్నెండు ముక్కలు కట్టించి, పొట్లం సంచిలో పెట్టుకుని, గురువారం పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కింది. పెనుకొండ వచ్చేదాకా కూతురి చెవిలో ఊదుతూనే ఉంది. "సార్ పోయేదాకా ఏమీ చేయాకు. ఏమీ ఎత్తాకు. నవ్వాకు. సార్ పోయినంక దిల్‌పసంద్." భాను కిటికీలోంచి చూస్తూ తల ఊపింది. వినిందో, రైలు ఊపిందో తెలియలేదు.

సార్ పేరు వేణుగోపాల్. మడకశిర మనిషి, చదువు కన్నడంలో, ఉద్యోగం బెంగళూరులో. ఫైలు పట్టుకుని హాలులోకి వచ్చి, అందరికీ నమస్కారం చెప్పి కుర్చీలో కూర్చున్నాడు. పిల్లల ముందు వాణి అన్నీ సిద్ధం చేసి పెట్టింది. సన్నమూతి సీసాలు, వాటిలో ఒక్కొక్కటిగా వేయడానికి చింతగింజలు. యూనస్ మిగిలిపోయిన రెగ్జిన్ ముక్కల మీద కుట్టి ఇచ్చిన జిప్పులూ గుండీలూ. వేళ్ళకు పని నేర్పే సామాన్లవి.

"భాను, గింజలు సీసాలో వెయ్‌మ్మా" అంది వాణి.

భాను కదలలేదు.

"రాణీ, జిప్పు లాగు తల్లీ."

రాణి పైకప్పు వైపు చూసింది.

వాణి ఒక్కొక్కరినీ అడిగింది. బతిమాలింది. పాట పాడింది. నిన్నటిదాకా పాట మొదలుపెడితే చాలు, గుంపుగా చప్పట్లు కొట్టిన పిల్లలు ఇప్పుడు ఫోటో తీయించుకునేవాళ్ళలా బిగుసుకుని కూర్చున్నారు. పదకొండు మందీ. అరగంట. గోడ పక్కన తల్లులు వరసగా కూర్చుని ఒకరి మోచేతితో ఒకరిని పొడుచుకుంటున్నారు. మెహరున్నీసా ఒళ్ళు పొంగిపోయింది. క్యాంపులో కూడా ఇంత బాగా ఎప్పుడూ జరగలేదు.

వేణుగోపాల్ ఫైలు మూశాడు. "మేడమ్, తప్పుగా అనుకోవద్దు. రెండేళ్ళ నుంచి నేర్పిస్తాండామని రాసినారు. నాకు ఈడ ఏమీ కనపడలేదు. పిల్లల్లో మార్పు ఉంటేనే మా కమిటీ దుడ్లు ఇచ్చేది. మార్పే లేదంటే నేను పోయి ఏమని చెప్పాల?"

వాణి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

మెహరున్నీసా ఆ మాటను లోపలే రెండుసార్లు చెప్పుకుంది. బాగుంటే ఇస్తారంట. బాగుంటేనే ఇస్తారంట. ఇట్లాంటి సార్ ఒకడు ఉంటాడని ఆమెకు ఎవరు చెప్పారు కనుక. పక్కన ఆదిలక్ష్మమ్మ చిన్నగా అంది, "నీకు తెలుసంటివి కదే."

మెహరున్నీసా లేచి నిలబడింది. "సార్, టీచరమ్మది తప్పు లేదు. నేనే చెప్పినా."

"ఏమి చెప్పినావమ్మా?"

"ఏమీ చేయాకండి అని చెప్పినా. క్యాంపులో చేస్తే శాతం తగ్గుతాది కదా సార్. మీరూ అట్లే అనుకుంటి."

వేణుగోపాల్ ఆమె వైపూ, పిల్లల వైపూ చూశాడు. "అంటే వీళ్ళంతా నీ మాట విని అరగంట నుంచి ఇట్ల కూచోనుండారా?"

"అవును సార్."

"నాకిద్దరు పిల్లలుండారు. అరనిమిషం కూచోరు" అన్నాడు ఆయన, మళ్ళీ ఫైలు తెరుస్తూ. "సరే, ఇప్పుడు చేయమని చెప్పు."

మెహరున్నీసా కూతురి ముందు కూలబడింది. "భానూ, చెయ్యి తల్లీ. పర్వాలేదు, చెయ్యి." భాను తల్లిని చూసింది, సారును చూసింది, పెదవులు ఇంకా గట్టిగా బిగించింది. మిగతా తల్లులూ దిగారు. గడ్డాలు పట్టుకున్నారు, గింజలు చేతిలో పెట్టారు. గింజలు జారి కింద పడ్డాయి. ఒక్కరూ లొంగలేదు.

"సార్ పోయినంక అని చెప్తిమి సార్" అంది ఆదిలక్ష్మమ్మ. "మీరు పోతే గానీ కాదు."

"నేను పోతే నాకెట్ల కనపడుతుందమ్మా?"

 చివరికి వేణుగోపాలే లేచి, పిల్లలందరికీ వినబడేట్టు "నేను పోతాండా" అన్నాడు. నమ్మకం కుదరడానికి మెహరున్నీసా వెంట నడిచి సాగనంపింది. ఆదిలక్ష్మమ్మ దిల్‌పసంద్ పొట్లం అందుకుని, భాను చేతిలో పెట్టి "పాయె, పాయె, సార్ పాయె" అంది. బయట కారు స్టార్టయింది, సందు చివరి దాకా పోయి ఆగింది. సార్ దిగి, వెనకే నడిచి వచ్చిన మెహరున్నీసాతో కలిసి హాలు వెనక గోడ వారగా నడిచి వచ్చాడు. బయటి నుంచి కిటికీ ఎత్తుగా ఉంది. అక్కడ పడి ఉన్న రెండు టమోటా పెట్టెలు చెరొకటి ఎక్కి లోపలికి తొంగిచూశారు.

లోపల అప్పటికే సంత లేచింది. ఒక పిల్ల జిప్పు పైకీ కిందికీ లాగుతోంది. ఇద్దరు గింజల కోసం కొట్లాడుకుంటున్నారు. భాను పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బేకరీ వాడు దారంతో నాలుగు మడతలు చుట్టి వేసిన ముడి అది. భాను నాలుక కొంచెం బయటపెట్టి, గోటితో ముడిని గిల్లి, ఒక పోగు లాగి, ఇంకో పోగు వదులు చేసి, దారం తెగకుండా విప్పింది. తరువాత తలా ఒక ముక్క పంచి, తనకూ ఒకటి తీసుకుంది. పన్నెండోది, మూలన కళ్ళు తుడుచుకుంటున్న వాణి నోట్లో పెట్టింది. తరువాత కాగితం మడిచి పక్కన పెట్టింది.

"అప్పుడప్పుడు చేస్తాది సార్, రోజూ చేయదు" అనేసింది మెహరున్నీసా. అలవాటు మీద వచ్చిన మాట.

వేణుగోపాల్ పెన్ను ఆపాడు. "అమ్మా, ఈ మాట రాయాల్నా, వద్దా?"

మెహరున్నీసా కిటికీ ఊచ పట్టుకుని కొంతసేపు లోపలికి చూసింది. "రాయాకండి సార్" అంది. "చేస్తాదేమో రోజూ. ఇంటికాడ ముళ్ళన్నీ నేనే విప్పుతా. దానికి రాదనుకోని." మళ్ళీ వెంటనే భయం పట్టుకుంది. "ఈ కాయితం ఆ క్యాంపోళ్ళకు పోదు కదా సార్?"

"మా కమిటీ దాటి యాడికీ పోదు. దిగమ్మా, పెట్టె విరుగుతాండాది."

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. రెండేళ్ళకు గ్రాంటు. ఒక్కటే షరతు: పిల్లలు కొత్తగా ఏమేం చేశారో నెలనెలా తల్లుల్లో ఒకరు రాసి పంపాలి. ఆ ఒకరెవరో కూడా ఉత్తరంలోనే ఉంది.

"నాకు ఒత్తులు సరిగా రావు మేడమ్. తప్పులుంటే గ్రాంటు ఎనక్కి తీసుకుంటారేమో" అంది మెహరున్నీసా.

"సార్ చదివింది కన్నడం కదక్కా. తప్పులు ఆయనకూ తెలీవు. నువ్వు రాయి."

నెలాఖరున ఆమె రెండు పేజీలు నింపి తెచ్చింది. వాణి చదువుతూ ఒకచోట ఆగింది.

"రాణి నా చెప్పులు కిటికీలోంచి బయటికి పారేసింది గూడా రాసినావా?"

"కుడిచేత్తో కిటికీ తెరిచి, ఎడమచేత్తో పారేసింది మేడమ్. పుట్టినప్పటి నుంచి ముడుచుకోనున్న చెయ్యి అది. రాయకుంటే ఎట్ల?"

"రెండు చెప్పులూ ఆ చేత్తోనేనా?"

"రెండూ. కావాలంటే ఆదిలక్ష్మమ్మను అడుగు."

వాణి పెన్ను తీసుకుని, ఆ వాక్యం కింద గీత గీసింది.