ఒక్క కోటుకే పోయిన మరక

కొల్లేరు మా ఇంట్లోకి వచ్చి తొమ్మిది రోజులు ఉండి వెళ్లింది. పోతూ పోతూ లోపలా బయటా గోడలకు నా నడుమెత్తున నల్లటి చార గీసి పోయింది. ఎనభై ఆరు వరదకూ ఇలాంటి చారే పడింది. అప్పుడు మా ఆయనా నేనూ సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, మూడు పూతలు వేసుకున్నాం. ఇప్పుడు ఆయన లేరు. నా మోకాళ్లూ లేనట్టే.

నీళ్లు చేరిన ఇళ్లవాళ్లకు మెరక మీద స్థలాలిస్తారనీ, ఇల్లిల్లూ చూడటానికి వస్తారనీ ఊళ్లో చాటింపు వేశారు. దసరాకన్నారు, దీపావళికన్నారు. డిసెంబరు వచ్చినా ఎవరూ రాలేదు. చేపల చెరువు మీద కాపలా ఉండే మా అబ్బాయి జీవన్ ఆ స్థలం మీదే ప్రాణం పెట్టుకున్నాడు. పిల్లల్ని మంచాల మీద నిలబెట్టుకుని ఇంకో వరద చూడలేనన్నాడు.

వాళ్లొచ్చి చూసి వెళ్లేదాకా గోడలు ముట్టుకోవద్దని కోడలు స్నేహలత రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. క్రిస్మస్‌కు మా పేటలో పూరిపాక గోడైనా తెల్లబడాల్సిందే. పండగ ముందు పాస్టరు గారు ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేస్తారు. ఆయన్ని ఆ చార కింద ఎలా కూర్చోబెట్టను? పైగా చర్చి మెట్ల మీద పక్కింటి అచ్చమ్మ అందరూ వినేలా అంది: "మరియమ్మొదినా, కొల్లేరు మీ గోడ దిగలేదా ఇంకా?"

మర్నాడే బస్సెక్కి ఏలూరు వెళ్లాను. కొట్టాయన కామేశ్వరరావు గారు పుట్టీ అన్నారు, ప్రైమరన్నారు, ఆ పైన రెండు కోట్లన్నారు.

"ఒక్క కోటుకే కప్పెయ్యాలండీ. రెండోసారి చెయ్యి ఎత్తే ఓపిక లేదు నాకు."

ఆయన నవ్వి లోపల్నుంచి వేరే డబ్బా తెప్పించారు. మామూలు రంగైతే మరక మళ్లీ పైకి తేలుతుందట, ఇది మాత్రం తేలనివ్వదట. అట్టముక్కకు నల్లసిరా పూసి, దాని మీద ఒక్కసారి రుద్ది చూపించారు. నలుపు కనపడలేదు. నాకు అంతకన్నా ఏం కావాలి?

కర్రకు రోలరు కట్టుకుని మూడు రోజుల్లో లోపలా బయటా నేనే వేశాను. పాస్టరు గారు గోడలు చూసి దేవునికి స్తోత్రమన్నారు. అచ్చమ్మ మాత్రం తన గోడకు సున్నం చుక్క తగిలించలేదు. నేనది గమనించుకోవద్దూ?

కొత్త సంవత్సరం వచ్చిన మూడో రోజున సచివాలయం అమ్మాయి గౌతమి ఫోను పట్టుకుని వచ్చింది. వాకిట్లోనే ఆగిపోయింది.

"నీటి చార ఫోటో పెట్టాలండీ మామ్మగారూ. మీ గోడ కొత్తిల్లులా ఉందే."

రంగు వేశానమ్మా, పండగ కదా అన్నాను. ఇంతెత్తున ఉండేదని నడుం దగ్గర గోడకు చెయ్యి ఆనించి చూపించాను. పాపం, ఆ పిల్ల అలాగే ఫోటో తీసింది. తెల్లగోడా, దాని మీద ముసలి చెయ్యీ. పక్కవాళ్లను అడగమంటే, మాటలు ఎక్కించడానికి ఇందులో చోటు లేదండీ అని ఫోను చూపించింది.

తర్వాత వచ్చిన స్థలాల లిస్టులో అచ్చమ్మ పేరుంది. మా పేరు లేదు.

జీవన్ వంటింట్లోంచి కత్తి తెచ్చి గోడ గీకడం మొదలుపెట్టాడు. రంగు పెచ్చుగా ఊడింది, దాని వెనకే మరకా ఊడింది. కింద ఉత్త సిమెంటు. ఇంకో చోట గీకాడు. అక్కడా అంతే.

స్నేహలత కిందపడ్డ పెచ్చులు చీపురుతో ఊడుస్తూ, తల ఎత్తకుండా అడిగింది: "మరకుంటే పాస్టరు గారు ప్రార్థన చెయ్యనన్నారా అత్తయ్యా?"

అనలేదు. నేను రంగు వేసేదాకా ఆయన గోడల ఊసే ఎత్తలేదు. నేను లేచి గేదెకు కుడితి పెట్టడానికి వెళ్లాను.