తవుడు మీద పడుకోబెట్టిన వేడి

బోరులో వందడుగుల లోతు నుంచి తీసినా ముప్పయ్యారు డిగ్రీలే, మూడు వందల అడుగుల నుంచి తీసినా ముప్పయ్యారే. థర్మామీటరు చూపిస్తున్నది భూమి లోపలి వేడి కాదు, పైకి లాగేలోపు దానికి అంటుకున్న గరివిడి ఎండ. కన్యాకుమారికి ఒళ్ళు మండిపోయింది.

నరసన్నపేట బియ్యం వర్తకుడి కూతురు ఆమె. పట్టుబట్టి భూగర్భశాస్త్రం చదివింది. రేపోమాపో చంద్రుడి మీద దిగబోయే మనుషులు, ముందుముందు అక్కడి నేల తొలిచి లోపలి వేడీ కొలుస్తారట. ఆ అంకె వచ్చిన రోజున పక్కన పెట్టి చూడటానికి మన నేల అంకె ఒకటి ఉండొద్దూ? పై అధికారి భీమశంకరరావుగారికి ఇదంతా పిల్లచేష్ట. శనివారం సాయంత్రంలోగా రెండు లోతులకీ తేడా చూపించకపోతే బోరు పూడ్పించేస్తానని, ఆఫీసులో మ్యాపులు గీసుకోవలసిందేనని చెప్పేశారు. అప్పటికే శుక్రవారం వచ్చేసింది.

క్యాంపులో వంట చేసే తవిటమ్మ ఆమె అవస్థ అంతా విని, థర్మామీటర్లను తవుడులో పెట్టి దించమంది. తవుడులో దాచింది పైవేడికి తొందరగా లొంగదంది. కన్యాకుమారి రెండు ఇనప గొట్టాల్లో తవుడు కూరి, మధ్యన థర్మామీటర్లు పెట్టి, నీళ్ళు చొరకుండా నోళ్ళకు లక్క పోసింది. ఒకే తాడుకు రెండు లోతుల్లో కట్టి దించింది. గంట ఆగి లాగింది. మళ్ళీ రెండూ ముప్పయ్యారే.

తవిటమ్మ నవ్వింది. "నాకు ముందు ముగ్గురు పోనారమ్మా. నానైనా బతకాలని తవుడు మీద పడుకోబెట్టి తవిటమ్మని పేరెట్టినారు. గంటకే తీసేసినారనుకున్నారేటి? మర్నాటి దాకా ఒగ్గీసినారు. తవుడు ఏడిని బేగి పోనివ్వదు, బేగి రానివ్వదు."

కన్యాకుమారికి సిగ్గేసింది. వర్తకుడి కూతురై ఉండి తవుడు గుణం తెలుసుకోలేదు. గొట్టాలు మళ్ళీ దించింది.

శనివారం పొద్దున్నే భీమశంకరరావుగారు పలుగూ పారా పట్టిన కూలీలతో దిగిపోయారు. ఆమె బోరు మూత మీద గొడుగు వేసుకుని కూర్చుంది.

"మీరిచ్చిన గడువు సాయంత్రం దాకా ఉందండీ," అంది.

ఆయన విసుక్కున్నారు, గడియారం చూసుకున్నారు, చివరికి చెట్టు నీడకు పోయారు. ఆమె మాత్రం మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు.

ఎండ వాలాక తాడు లాగారు. లక్క పగలగొట్టి కన్యాకుమారి గబగబా చదివింది. పైగొట్టంలో ఇరవైతొమ్మిది పాయింటు రెండు. కిందగొట్టంలో ముప్పై పాయింటు నాలుగు. మరోసారి చదవబోతే కళ్ళల్లో నీళ్ళు అడ్డొచ్చాయి.

భీమశంకరరావుగారు తానే వంగి రెండూ చదివారు. కూలీలను పంపేశారు. తర్వాత ఆమె నోటుపుస్తకం అందుకుని, వాడిన పరికరం అన్న గడి దగ్గర ఆగారు. అక్కడ ఆమె పొద్దుటే రాసి ఉంచింది: తవిటమ్మ.

ఆయన జేబులోంచి కలం తీశారు.

"ఇంగ్లీషులో దీని స్పెల్లింగు ఎలా రాస్తావు?" అని అడిగి, కింద సంతకం పెట్టారు.