కొలతల పుస్తకం

ఆమె పాలగిన్నె అడుగు గీకుతుంటే ముందుగదిలోంచి భర్త కేకేశాడు.

"ఆ కొలతల పుస్తకం ఇటు పట్రా. కంపెనీవాళ్ళు పేజీలన్నీ ఫొటోలు తీసుకుంటారట."

ముందుగదే కొట్టు. పదకొండేళ్ళుగా అక్కడ మిషన్ తొక్కింది ఆమె. మూడు నెలల కిందట భర్త ఓ పెద్ద బట్టల కంపెనీతో పొత్తు కలిపాడు. బోర్డు మారింది. కొలతలు తీయడానికి కంపెనీ మనిషి వచ్చాడు. ఆమె మిషన్ తెర వెనక్కి పోయింది. "నీకే హాయి. వచ్చినవాళ్ళతో వాగే బాధ తప్పింది" అన్నాడు భర్త. ఒకప్పుడు "నా ఒళ్ళు నీకు తెలుసుగా అమ్మాయీ" అని గుడ్డ పడేసి పోయిన ఆడవాళ్ళు, ఇప్పుడు నంబరు చీటీ పట్టుకుని, తెరకేసి ఓసారి చూసి వెళ్ళిపోతున్నారు.

ఈ ఉదయం లెక్కల టీచరమ్మ వచ్చింది. నాలుగేళ్ళ కిందట ఆపరేషన్‌లో ఆవిడ ఎడమ రొమ్ము తీసేశారు. ఆ సంగతి ఈమె ఒక్కదానికే చెప్పుకుంది. అప్పట్నుంచీ ఆవిడ జాకెట్లకు ఎడమవైపు లోపల దూది పెట్టి కుడుతోంది. పుస్తకంలో ఆ కొలతల పక్కన చిన్న చుక్క, అంతే.

కంపెనీ మనిషి ఆవిడ కొలతకని తెచ్చిన పాత జాకెట్టు పైకెత్తి, అందరిముందూ అడిగాడు. "ఒక పక్కనే ఈ దూదేంటమ్మా?"

టీచరమ్మ జాకెట్టు లాక్కుని, తెర తొలగించి, "నీ కొట్టనుకుని వచ్చానమ్మాయీ" అని వెళ్ళిపోయింది.

"ఒక్క ముసలావిడ పోతే కొంప మునిగిందా?" అన్నాడు భర్త అప్పుడు.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, తెర వెనక మిషన్ బల్లమీది పుస్తకం తీసుకుంది. ఎవరి భుజం వాలిందో, ఇంట్లో ఇంకా చెప్పకముందే ఎవరి నడుము పెరిగిందో, అన్నీ తన అక్షరాల్లో ఉన్నాయి.

"ఇవ్వను. ఇవి వాళ్ళు నాకు చెప్పుకున్నవి."

"నీకు కాదే పిచ్చిదానా! కొట్టుకి ఇచ్చారు. కొట్టు నాది."

"మొగుడికే ఎదురు చెప్తున్నావా? నోరొచ్చిందే నీకు!" అంది గుమ్మంలోకి వచ్చిన అత్త.

"నోరు మొదట్నుంచీ ఉందత్తయ్యా. ఇన్నాళ్ళూ దారం కొరకడానికే వాడాను."

పుస్తకం, కత్తెర, కాస్త దూది సంచిలో వేసుకుంది. టేపు మెళ్ళోనే ఉంది.

"ఎక్కడికే? నిన్నే!"

సగం తోమిన పాలగిన్నె తొట్టిలోనే ఉంది. ఆమె చెప్పులు వేసుకుని, కొత్త బోర్డు కిందనుంచి నడిచి టీచరమ్మ వీధికేసి తిరిగింది.