దుప్పటి కింద మనిషి

మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి నా యూనిఫాం పరిచేసరికి పాలు పొంగిపోయాయి. స్టవ్వు తుడుస్తుంటే ఆయన పేపర్ మడుస్తూ అన్నారు. "ఇవాళ ఆ మీటింగులో నోరు విప్పకు. పెద్దవాళ్ళు చెప్పింది విని తలూపి వచ్చెయ్. ప్రమోషన్ లిస్టులో ఉన్నావు."

అత్తయ్య నవ్వారు. "దానికి నువ్వు చెప్పాలట్రా? నా కోడలికి నోట్లో నాలుకే లేదు."

అది మెచ్చుకోలే. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మెచ్చుకోలు మీదే బతుకుతున్నాను.

నేను సైన్యంలో నర్సుని. గాయపడ్డవాళ్ళని విమానంలో పెద్దాసుపత్రికి చేర్చడం నా పని. స్ట్రెచర్లు ఒకదాని మీద ఒకటి మూడు వరసలుగా బిగిస్తాం. ఇంజిన్ల హోరులో మూలుగు వినపడదు. అందుకే అడిగి ఊరుకోకూడదు, మొహం చూడాలి, దుప్పటి కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో తడమాలి. దణ్ణం పెట్టుకోకుండా నేను విమానం ఎక్కను. దేవుడు మనం చెప్పకుండానే అన్నీ చూస్తాడంటారు. ఆయన చేసిన మనుషులకి ఆ చూపు కాస్తయినా ఎందుకు రాలేదో నాకు తెలీదు.

పోయినసారి కింది వరసలో తొడకి గాయమైన డ్రైవరు ఒకతను ఉన్నాడు. నేను ఊపిరి అందని ఇంకో మనిషి దగ్గర చిక్కుకుపోయాను. డాక్టరు అటుగా వెళుతూ, బాగున్నావా అన్నట్టు బొటనవేలు ఎత్తాడు. డ్రైవరూ ఎత్తాడు. దిగాక దుప్పటి తీస్తే కిందంతా నెత్తురు. అప్పటికే పోయాడు.

అతని చావు మీద పెట్టిన మీటింగులో పెద్ద ఆఫీసరు అన్నారు. "దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటే. నొప్పుంటే చెప్పాలని పేషంట్లకి ఎక్కేముందే నేర్పాలి. పాపం, ఒక్క మాట చెప్పుంటే బతికేవాడు. అతని భార్యకీ అదే చెబుదాం."

అందరూ తలలూపారు.

ఆ మాట నేను ఇదివరకే విన్నాను. ఇంటినిండా చుట్టాలున్న రోజున, ఐదో నెలలో నా బిడ్డ కడుపులోనే పోయింది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి మా ఆయన అన్నదీ అదే. "ఒక్క మాట చెప్పుంటే అప్పుడే తీసుకొచ్చేవాణ్ణి కదా!" నేను నమ్మాను. నోరు మెదపక నా బిడ్డని నేనే పోగొట్టుకున్నానని, దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా దేవుణ్ణి క్షమాపణ అడుగుతూ వచ్చాను.

లేచి నిలబడ్డాను. "అతను చెప్పాడు సార్."

"ఎవరికి సిస్టర్? బాగానే ఉన్నానని వేలెత్తాడుగా?"

"పై ఆఫీసరైన డాక్టరు ఎత్తితే తనూ ఎత్తాడు సార్, సిపాయి కదా. రెండో చేత్తో స్ట్రెచర్ కమ్మీని బిగబట్టుకున్నాడు. ఆ వేళ్ళు విడదీసింది నేనే. ఇంకెలా చెప్పాలి సార్? దుప్పటి ఎత్తి చూడనిది మేము. అతని తప్పని ఆవిడతో అనకండి."

ఆఫీసరు కళ్ళజోడు తీశారు. "ప్రమోషన్ లిస్టులో నీ పేరుంది కదూ?"

"ఉంది సార్," అన్నాను. కూర్చోలేదు.

అలా నిలబడే ఉన్నాను. వంటింట్లో గోడ పట్టుకుని నిలబడ్డ ఆ రోజు కళ్ళకి కట్టింది. "ఏమండీ, కాసేపు పడుకుంటాను, నడుము విరిగిపోతోంది," అన్నాను. "చుట్టాల భోజనాలు అవనీ," అన్నారాయన, నావైపు తిరగకుండానే.

నేనూ చెప్పాను. ఇన్నేళ్ళూ ఎవరి తప్పుకి నీకు క్షమాపణ చెప్పుకున్నాను, దేవుడా?