స్పృహ లేని మనిషికి మర్యాద

అంబులెన్సు డ్రైవరు ఆ ఉదయం కూతురికి రెండు మాటలిచ్చాడు. స్కూల్లో ఆమె తండ్రినని చెప్పడు. ఎవరినీ వెటకారం చెయ్యడు.

"పాత స్కూల్లో నువ్వు లెక్కల మేడంతో వేసుకున్న గొడవకి నన్ను రెండేళ్లు సైరన్ అని పిలిచారు నాన్నా. ఇక్కడైనా ప్రశాంతంగా చదువుకోనీ," అంది కూతురు, జడ బిగించుకుంటూ.

ఎనిమిదో తరగతి మధ్యలో గోడ దూకి వచ్చేసిన మనిషిని కూతురి పదకొండో తరగతికి ప్రథమ చికిత్స పాఠం చెప్పమన్నారంటే, చెప్పాల్సిన డాక్టరు ఎగ్గొట్టాడని వేరే చెప్పక్కర్లేదు. అయినా డ్రైవరు ఒప్పుకున్నాడు. పోయిన నెల మత్తుమాత్రలు ఎక్కువై పడిపోయిన ఒక కుర్రాణ్ణి ఆస్పత్రికి చేర్చాడు. పక్కనే ఉన్న స్నేహితులు, 'పడుకున్నాడు, లేపితే తిడతాడు' అనుకుని గంటసేపు కూర్చున్నారట. కుర్రాడు బతికాడు గానీ, ఇప్పటికీ చెంచా సరిగ్గా పట్టుకోలేడు.

పాఠం పది నిమిషాల్లో అయిపోయింది. గట్టిగా పిలవాలి. పలక్కపోతే పిడికిలి కణుపులతో గుండె మధ్య ఎముక మీద గట్టిగా రుద్దాలి. అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. మత్తుకి విరుగుడు మందు స్ప్రే ఉంటే ముక్కులో కొట్టాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. వదిలేసి పోకూడదు. పిల్లలు చక్కగా రాసుకున్నారు. ఇక చేసి చూపించాలి. చూపించడానికి వాడే మనిషి బొమ్మేమో డాక్టరుగారి కారు డిక్కీలో ఉండిపోయింది. డ్రైవరు బల్ల పక్కన నేల మీద తనే వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

క్లాసు లీడరు వచ్చి మూరెడు దూరంలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"సార్... సార్, కాస్త లేస్తారా?"

"బాబూ, నాకు స్పృహ లేదు."

"సారీ సార్."

తర్వాత వచ్చిన అమ్మాయి, గోడ రంగు ఆరిందో లేదో చూస్తున్నట్టు అతని చొక్కా చేతిని వేలి కొసతో తాకింది. "సార్, మీకు ఇబ్బంది లేకపోతే ముక్కులో మందు కొట్టమంటారా?"

ఇంటికెళ్లి ఆలోచించుకుని చెప్తానమ్మా అనే మాట డ్రైవరు నాలుక చివరిదాకా వచ్చింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మింగేశాడు. మరొకడు ఖాళీ చేతిని చెవికి ఆనించుకుని, "అంబులెన్సువాళ్లాండీ? కొంచెం వీలు చూసుకుని వస్తారా?" అన్నాడు. దానికి వచ్చిన జవాబూ మింగాడు. ఇన్ని మింగితే తనకే విరుగుడు కావాల్సొచ్చేలా ఉంది.

నవ్వులాటగానే ఉంది గానీ అతనికి ఆ కుర్రాడి స్నేహితులు గుర్తొచ్చారు. వీళ్లు ఇలాగే బయటికి వెళితే రేపు ఎవరి పక్కనో చేతులు కట్టుకుని మర్యాదగా కూర్చుంటారు. వెటకారంగా నాలుగు తగిలిస్తే బుర్రకెక్కుతుంది. వెటకారం చెయ్యనని మాటిచ్చాడు. ఓరకంటితో మూడో బెంచీకేసి చూశాడు. కూతురు కిటికీలోంచి సైకిల్ షెడ్డును చూస్తోంది.

"నేను పడిపోయి అయిదు నిమిషాలైంది," అన్నాడు వీలైనంత మెత్తగా. "నన్ను కసిరి లేపగలిగేవాళ్లు ఒక్కరూ లేరా ఇక్కడ?"

ఎవరూ కదల్లేదు. తర్వాత మూడో బెంచీ కిర్రుమంది.

"నాన్నా! లే! వినబడుతోందా? నాన్నా!"

గుండె ఎముక మీద కణుపులు మేకుల్లా దిగబడ్డాయి. డ్రైవరుకి నిజంగానే చుక్కలు కనిపించాయి.

"లీడరూ, చూస్తావేం? ఫోన్ చెయ్యి. ఊపిరి సరిగ్గా ఆడట్లేదని చెప్పు, ఏం మింగాడో దాచకుండా చెప్పు. ఒకళ్లు గేటు దగ్గర నిలబడండి, దారి చూపించాలి. నువ్వు, ఆ మందు ముక్కులో పెట్టి పూర్తిగా నొక్కు, ఆయన్ని అడక్కు! ఇద్దరు ఇటు రండి, పక్కకి తిప్పుదాం. బరువే, నాకు తెలుసు."

ఇందులో సగం అతను ఈ పూట చెప్పనే లేదు. రోజూ అన్నం తింటూ డ్యూటీ గోల వెళ్లబోసుకుంటుంటే, ఫోన్లోంచి తలెత్తని పిల్ల ఇదంతా ఎప్పుడు విందో!

"నాన్నా?" అన్నారెవరో వెనకనుంచి.

"అవును, మా నాన్నే. దరఖాస్తు పెట్టుకోవాలా దానికి?"

అచ్చం తన నోరే. పక్కకి తిరిగి పడుకున్న డ్రైవరు నేలకేసి చూస్తూ నవ్వు ఆపుకున్నాడు.

ఆ తర్వాత ముప్ఫై ఇద్దరి చేతా అరిపించాడు. 'సార్' అన్నవాళ్లని మళ్లీ లైన్లో నిలబెట్టాడు. ఆఖరికి లీడరు కూడా "ఒరేయ్, లేవరా!" అని గది దద్దరిల్లేలా అరిచి, వెంటనే "సారీ సార్" అన్నాడు.

తిరుగు దారిలో కూతురు అంబులెన్సు ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది. అందరూ చూస్తుండగానే ఎక్కింది.

"రెండు మాటలూ నిలబెట్టుకున్నానమ్మా."

"చూశాలే. రేపట్నుంచి మళ్లీ సైరనే నా పేరు."

డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో రొమ్ము తడుముకున్నాడు. "కొంచెం మెల్లగా రుద్దాల్సింది తల్లీ."

"నువ్వు లేవలేదుగా మరి," అంది కూతురు, కిటికీ వైపు తిరిగి.